కొలతల పుస్తకంలో దొరికిన డైరీ: ఒక కేస్ స్టడీ

2023 నవంబరులో నన్ను కలవడానికి వచ్చినప్పుడు, కథలు రాసే ఒకామె ఏడు డైరీలు సంచిలో వేసుకుని వచ్చారు. విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఒక బల్ల మీద వాటిని సంవత్సరాల వరుసలో పేర్చారు. అన్నీ మంచి అట్టలవే, పండగకు ఎవరో ఒకరు ఇచ్చినవే. అన్నిటికన్నా ఎక్కువ నిండిన డైరీలో 22 పేజీలు ఉన్నాయి. మిగతా ఆరూ సంక్రాంతి నాటికే ఆగిపోయాయి.

కథలు రాసేవాళ్ళ రాతప్రతులు చదవడం, వాళ్ళ పక్కన కూర్చుని పని చేయడం పన్నెండేళ్ళుగా నా వృత్తి. ఈ కేసును ఆమె అనుమతితో రాస్తున్నాను. పేరు, దుకాణం ఆనవాళ్ళు ఇవ్వడం లేదు. ఆమె పుస్తకంలోంచి ఇక్కడ ఎత్తి రాసిన ప్రతి వాక్యాన్నీ ఆమె చదివి ఒప్పుకున్నారు.

ఆమెకు 41 ఏళ్ళు. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక సందులో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, చుడీదార్లు కుడతారు. చీరలకు ఫాల్, పీకో చేస్తారు. ఇల్లు అల్లిపురంలో. చదువు పదో తరగతితో ఆగింది. నాలుగు కథలు వారపత్రికల్లో వచ్చాయి. చివరిది 2018లో. ఆ తర్వాత ఏ కథా మూడో పేజీ దాటలేదు. రచయిత అన్నాక డైరీ ఉండాలని, అది రాస్తే కథలు వాటంతట అవే వస్తాయని ఎవరో చెప్పారట.

"మాస్టారూ, కథ రావడం లేదన్నది ఒక బాధ. డైరీ కూడా రాయలేకపోతున్నానన్నది ఇంకో బాధ అయింది" అన్నారు.

ఆ డైరీలు తిరగేశాను. 2021 జనవరి నాటి ఒక పేజీలో ఇలా ఉంది: "నేడు మనసంతా వ్యాకులతతో నిండిపోయింది. జీవితం ఒక నిరంతర పోరాటం." ఆ రోజు ఏం జరిగిందని అడిగాను. చాలాసేపు ఆలోచించి చెప్పారు. పెళ్ళివారి జాకెట్లు నాలుగు మర్నాడు ఉదయానికి ఇవ్వాలి. రాత్రి తొమ్మిదింటికి మిషను బెల్టు తెగింది. కొట్లు మూసేశారు. ఎడమ చేత్తో గుడ్డ జరుపుతూ, కుడి చేత్తో చక్రం తిప్పుతూ రెండింటిదాకా కుట్టారు. మూడు రోజులు కుడి భుజం పైకి లేవలేదు. అది చెబుతున్నప్పుడు ఆమె కుడి చేయి గాలిలో చక్రం తిప్పుతూనే ఉంది.

ఆ బెల్టు సంగతి డైరీలో ఒక్క ముక్క లేదు.

నేను చేసిన తప్పు

మొదటి నెల నేను ఆమెకు ఇచ్చిన పని ఆమెను చూసి ఇచ్చింది కాదు, అలవాటు కొద్దీ ఇచ్చింది. నిద్ర లేవగానే చేత్తో మూడు పేజీలు, ఏది తోస్తే అది, ఆగకుండా రాయడం. అమెరికా రచయిత్రి జూలియా కామెరాన్ 1992లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. నా దగ్గరికి వచ్చిన చాలామందికి పనికొచ్చింది, ముఖ్యంగా రాసిన ప్రతి వాక్యాన్నీ వెంటనే కొట్టేసుకునేవాళ్ళకు.

ఈమెకు మాత్రం పొద్దున్నే కుళాయి వస్తుంది. ఆ గంటలో డ్రమ్ములు, బిందెలు నింపుకోకపోతే ఆ రోజంతా ఇబ్బంది. ఇంటర్ చదివే కొడుక్కి బాక్సు కట్టాలి. అత్తగారికి వేడినీళ్ళు పెట్టాలి. ఆమె నాలుగున్నరకు లేచి తొమ్మిది రోజులు రాశారు. 27 పేజీలు. పదో రోజు మిషను మీద కునుకు పట్టి సూది వేలి పక్కనుంచి దిగింది. ఆ సంగతి కూడా నేను అడిగితేనే చెప్పారు.

ఆ 27 పేజీల్లోనూ మళ్ళీ "వేదన", "అంతరంగం", "నిరాశ". ఒక మనిషి ముఖం లేదు. ఒక్కరి మాట లేదు. ఆమె జీవితంలో ఏ గంట ఖాళీగా ఉందో తెలుసుకోకుండా గంట నిర్ణయించాను. దానికి ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను. అప్పటినుంచి ఎవరికైనా పద్ధతి చెప్పే ముందు వాళ్ళ రోజును గంటగంటకూ రాయించి చూస్తున్నాను.

"అక్కా" అన్న మాట

డిసెంబరులో రాయడం ఆపించి, ఫోనులో మాట రికార్డు చేయమన్నాను. కొట్టు కట్టేసి ఇంటికి నడిచి వెళ్ళే దారిలో రెండు నిమిషాలు చాలు. పదకొండు రికార్డులు పంపారు. మొదటి అయిదింటిలో గొంతు సభలో మాట్లాడినట్టు బిగుసుకుని ఉంది. ఆరోదానిలో వెనకాల ఆటో హారను, ఎవరో చేపలు బేరమాడుతున్న గొంతు. ఆ రొద మధ్య ఆమె ఉన్నట్టుండి "అక్కా, ఇవాళ ఏమైందో తెలుసా" అని మొదలుపెట్టారు. అక్కడినుంచి నాలుగు నిమిషాలు ధారగా సాగింది. ఒక కాలేజీ అమ్మాయి జాకెట్టు వెనక మెడ లోతు గురించి తల్లితో గొడవపడటం, తల్లి ఆ గొడవంతా టైలరు మీదకు తోయడం, చివరకు ఇద్దరూ ఒకే ఆటోలో నవ్వుకుంటూ వెళ్ళిపోవడం. ఏడు డైరీల్లో లేని ప్రాణం ఆ నాలుగు నిమిషాల్లో ఉంది.

ఆ అక్క ఎవరని అడిగాను. సొంత అక్కే, శ్రీకాకుళంలో ఉంటారు. మూడో తరగతితో బడి మాన్పించారు. చదవడం రాదు.

ఒక డైరీ పద్ధతి ఏ రచయితకు నప్పుతుందో వెతికేటప్పుడు అందరూ ముందుగా ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి అని అడుగుతారు. ఎవరికి రాస్తున్నాను అన్న ప్రశ్న ఎవరూ వేసుకోరు. అది తేలితే మిగతావి చాలావరకు దాని వెంటే వస్తాయని నేను చూసిన కేసులన్నీ చెబుతున్నాయి. 1951లో అమెరికా నవలాకారుడు జాన్ స్టెయిన్‌బెక్ ఒక పెద్ద నవల రాస్తూ, అదే పుస్తకంలో కుడివైపు పేజీలు నవలకు ఉంచుకుని, ఎడమవైపు పేజీల్లో తన సంపాదకుడు పాస్కల్ కోవిచీకి ఉత్తరాలు రాశారు. ముందు ఉత్తరం రాసుకుని చేయి వేడెక్కాక నవలలోకి వెళ్ళేవారు. ఆయన ఎదుట ఒక మనిషి ఉన్నాడు. మా టైలరుగారి ఏడు డైరీల ఎదుట ఎవరూ లేరు, లేదా ఉండకూడనివారు ఉన్నారు.

ఉండకూడనివారు ఉన్నారన్న సంగతి జనవరి మొదటి వారంలో బయటపడింది. మనసుకు గుచ్చుకున్న ఒక సంఘటన గురించి వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు రాయించే పద్ధతి ఒకటి ఉంది. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ విద్యార్థులతో చేసిన ప్రయోగం నుంచి వచ్చింది, 1986లో ప్రచురించారు. జరిగిన విషయాన్నీ, దాని గురించి తమ భావాలనూ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో వైద్యం కోసం వెళ్ళడం తగ్గింది. రాసిన వెంటనే మాత్రం వాళ్ళ మనసు మరింత బరువెక్కింది. ఈ రెండో సంగతి ముందే చెప్పకుండా ఎవరికీ ఈ పని ఇవ్వకూడదు. నేను చెప్పే ఇచ్చాను. అయినా రెండో రాత్రి ఆమె ఫోను చేసి అన్నం సహించలేదన్నారు. మూడో రోజు రాశారు. నాలుగో రోజు వద్దన్నారు, ఆపేశాం.

ఆ మూడు రోజుల్లో వచ్చింది ఇది. పదిహేడేళ్ళ వయసులో ఆమె నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటే అన్నయ్య దాన్ని వసారాలో అందరిముందూ పైకి చదివాడు. అన్నయ్య చదివినందుకు ఆమెకు పెద్దగా కోపం లేదు. అమ్మ నవ్వింది, అదీ బాధ. అక్క ఒక్కతే నవ్వలేదు. అతని చేతిలోంచి పుస్తకం లాక్కుని వంటింట్లో బియ్యం డబ్బా అడుగున దాచింది. అందులో ఏం రాసి ఉందో అక్కకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

డైరీల్లో ఆ పెద్ద పెద్ద మాటలు ఎందుకు వచ్చాయో నాకు అప్పుడు అర్థమైంది. వసారాలో ఎవరైనా పైకి చదివినా నవ్వడానికి వీల్లేని మాటలు అవి. ఎవరినీ పట్టివ్వని మాటలు. డైరీని కాపాడుకోవడానికి ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. లండన్‌లో ప్రభుత్వ అధికారి శామ్యూల్ పీప్స్ 1660 నుంచి 1669 దాకా తన డైరీని సంక్షిప్త లిపిలో రాసుకున్నారు. పక్కనే విజయనగరంలో గురజాడ వాడుక తెలుగు కోసం అంత పోరాడి కూడా తన డైరీలు ఎక్కువగా ఇంగ్లీషులో రాసుకున్నారు. లోకానికి రాసే భాష, తనకు తాను రాసుకునే భాష ఒకటే కానక్కరలేదు. ఈమెకు ఆ తనదైన భాష అక్కతో మాట్లాడేదే. చదవడం రాని అక్కకు "వ్యాకులత" అని రాయలేరు కదా. చెవితో వింటే అర్థమయ్యేలా రాయాలి.

సొరుగులో పదమూడేళ్ళు

సంక్రాంతి ముందు ఆమె రెండు వారాలు రాలేదు. పండగ పని. నేనే కొట్టుకు వెళ్ళాను. ఆరడుగుల వెడల్పు గది, గోడకు మేకులు, మేకులకు కవర్లు. ప్రతి కవరులో ఒక జాకెట్టు ముక్క, దానితోపాటు ఒక ఆది జాకెట్టు. ఆది జాకెట్టు తేనివాళ్ళకు టేపుతో కొలత తీసుకుని పక్కనున్న పొడవాటి పుస్తకంలో రాసుకుంటున్నారు. తలెత్తకుండా, మాట్లాడుతూనే.

ఇలాంటి పుస్తకాలు ఎన్ని ఉన్నాయని అడిగాను. మిషను కింది సొరుగు లాగి చూపించారు. 2011 నుంచీ ఉన్నాయి. కొట్టు తెరిచిన ఏ రోజూ ఖాళీ లేదు. రోజూ పుస్తకం రాయడం తనకు చేతకాదని నాతో చెప్పిన మనిషి పదమూడేళ్ళుగా రోజూ పుస్తకం రాస్తూనే ఉన్నారు!

ఆమె అనుమతి అడిగి 2014 పుస్తకం తెరిచాను. అక్టోబరు 7వ తేదీ పేజీ. కొలతలు ఒక నిలువు వరుసలో ఉన్నాయి: పొడవు 14, చాతీ 36, నడుము 31, భుజం 14, చేయి 6, చేతి లూజు 11. పక్కన మామిడిపండు రంగు పట్టుగుడ్డ, వేలిగోరంత ముక్క, గుండుసూదితో గుచ్చి ఉంది. సముద్రపు గాలికి సూది తుప్పు పట్టి, గుడ్డ చుట్టూ కాగితం మీద గోధుమ రంగు మరక కట్టింది. పేజీ కింది అంచు నీటికి ముడతలు పడింది. ఇవ్వాల్సిన తేదీ 15. చేయి 6 అన్నది కొట్టేసి 10 అని రాసి ఉంది, వేరే కలంతో.

"ఇది ఎందుకు మారింది?" అన్నాను.

మిషను ఆపేశారు. ఆ ఆదివారం, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కొట్టు మీద రేకు లేచిపోయింది. సొరుగులో ఉన్నవే మిగిలాయి. ఊరంతా చెట్లు పడిపోయి, రోజుల తరబడి కరెంటు లేదు. 15న ఎవరూ రాలేదు. దీపావళికి నాలుగు రోజుల ముందు ఆ పట్టుగుడ్డ మనిషి వచ్చింది. జాకెట్టు కుట్టడం కాలేదు, అదృష్టం కొద్దీ చేతులు ఇంకా కత్తిరించలేదు. ఆమె చేతులు పొడవు పెంచమంది. మోచేయి దాటి రావాలంది. కొవ్వొత్తి వెలుగులో కొలత తీస్తుంటే మోచేతికి పైన నాలుగు వేళ్ళ మచ్చలు కనిపించాయి. "తుఫానుకు తలుపు తగిలింది" అంది ఆ మనిషి, ఎవరూ అడగకుండానే.

ఇదంతా ఒక అంకె కొట్టేసి పక్కన రాసిన ఇంకో అంకెలో ఉంది. పదేళ్ళ తర్వాత కూడా చెడిపోకుండా ఉంది.

రావిశాస్త్రిగారు ఈ ఊళ్ళో న్యాయవాదిగా ఉండేవారు. కోర్టు గుమ్మంలో విన్న గొంతులు ఆయన కథల్లోకి వచ్చాయి. వృత్తి చేసేవాళ్ళకు చెవీ, కన్నూ వృత్తిలోనే పదునెక్కుతాయి. ఇంట్లో, రాత్రి, అట్ట డైరీ ముందు కూర్చున్నప్పుడు ఆ పదును పోతుంది. నేను రెండు నెలలు వెతికిన పద్ధతి ఆమె మిషను సొరుగులో ఉంది.

పుస్తకం తయారైన తీరు

2024 జనవరి 22న మొదలైంది. పుస్తకం ఎలా ఉండాలో ఆమే నిర్ణయించారు. కొలతలు రాసుకునే అదే రకం పొడవాటి బౌండు పుస్తకం, అదే చోటు, అదే కలం. ఎడమ పేజీలో పగలు, పని మధ్యలో, రోజుకు ఒకటో రెండో పంక్తులు. చూసింది, విన్నది మాత్రమే. వీలైతే ఒక అంకె లేదా ఒక రంగు. తనకేమనిపించిందో ఎడమవైపు రాయకూడదు. కుడి పేజీ వారమంతా ఖాళీ. ఆదివారం మధ్యాహ్నం అక్కకు ఉత్తరం అక్కడ.

కుడి పేజీ ఖాళీగా ఎందుకు ఉంచాలో నేను వివరించబోతే ఆమె ఆపారు. "లోపల కుట్టు వదలమా మాస్టారూ? రేపు ఒళ్ళు వస్తే విప్పుకోవడానికి ఉండాలి కదా" అన్నారు.

గుడ్డముక్కలు ఈసారి గుండుసూదితో గుచ్చలేదు. తుప్పు పడుతుందని సూదీదారంతో కాగితానికి రెండు కుట్లు వేశారు. ఎడమ పేజీలోంచి కొన్ని:

"పెళ్ళికూతురికి పదకొండు జాకెట్లు. తల్లి తన కొలత ఇవ్వనంది. పాతదే ఉతికి కట్టుకుంటానంది."

"ఆది జాకెట్టు కవరులో మందుల చీటీ. తిరిగి ఇస్తే దాని కోసం వారం వెతికానంది."

"నీలం. ఇదే నీలం నిన్న ఇంకో మనిషి తెచ్చింది. ఇద్దరూ ఒకే వీధి. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు."

ఫిబ్రవరి నెలాఖరుకు 40 దాకా అయ్యాయి. వీటిలో ప్రతిదీ కథ కాదు, కానక్కరలేదు కూడా. ఏది కుడి పేజీలోకి, అక్క దగ్గరికి వెళ్ళాలని తహతహలాడుతుందో అది కథ కావచ్చు. ఆ పట్టుగుడ్డ మనిషి గురించి ఆమె మూడు ఆదివారాలు వరసగా అక్కకు రాశారు. మూడో ఉత్తరంలో ఒక వాక్యం: "అక్కా, నేను చేతులు పొడవు పెట్టి కుట్టి ఇచ్చాను. బాగా కుట్టాను. అదే నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు." కథ ఈ వాక్యం దగ్గర మొదలవుతుందని చెప్పాను. మే నెలలో పూర్తయింది. ఆరేళ్ళ తర్వాత మొదటి పూర్తి కథ. ఒక పత్రిక వెనక్కి పంపింది. మధ్యలో రెండు పేజీలు తీసేసి, ఇంకో పత్రికకు పంపారు. నా అంచనాలో ఆమె రాసినవాటిలో ఇదే మేలైనది.

ఈ కథతోపాటు ఒక బరువైన ప్రశ్న వచ్చింది. కొట్టుకు వచ్చేవాళ్ళు ఆమెను నమ్మి కొలత ఇస్తారు. ఆ నమ్మకం మీద రాయడం న్యాయమా? ఆమె ఇది నాకంటే ముందే అడిగారు. మేము దీనికి రెండు సమావేశాలు కేటాయించాం. పుస్తకంలో పేర్లు రాయకూడదు, గుడ్డముక్క చాలు. కథలోకి వచ్చేటప్పుడు రంగు, వీధి, బంధుత్వం, సంవత్సరం మారాలి. ఆ మనిషి కథ చదివితే తానే అని గుర్తుపట్టగల ఆనవాలు ఒక్కటి మిగిలినా కథ పత్రికకు వెళ్ళకూడదు. ఇక్కడ పైన రాసిన వివరాలు కూడా అలాగే మార్చినవి.

ఆషాఢం

ఖాళీ దొరికితే ఎక్కువ రాస్తారనుకున్నాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, మిషను సగం రోజులు ఊరికే ఉంది. ఆ నెలలో ఎడమ పేజీలో మొత్తం 9 పంక్తులు. పని తగ్గితే చూసేదీ తగ్గింది. కుడివైపు మాత్రం అయిదు ఆదివారాలకు అయిదు ఉత్తరాలు, ఒకదాన్ని మించి ఒకటి పొడవు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచి వచ్చిన మరునాడు, కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుని, ఆరు పేజీలు రాశారు. చదువుతుంటే దారి పొడవునా మజ్జిగ ఇచ్చిన చేతులన్నీ కనిపించాయి. ఉత్తరం బాగుంది, కానీ రెండో కథ అక్కడే చచ్చిపోయింది. ఆ నడక మీదే కథ అనుకున్నారు. మొత్తం అక్కకు చెప్పేశాక మళ్ళీ చెప్పాలనిపించలేదన్నారు.

డైరీ బాగా రాయడం కుదిరినవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. కథకు పట్టాల్సిన ఆవిరి ఉత్తరంలోనే పోతుంది. రెండు మార్పులు చేశాం. ఉత్తరం ఒక పేజీ మించకూడదు. కథ అవుతుందనిపించిన విషయమైతే దాని ముగింపు అక్కకు చెప్పకూడదు. రెండోది ఆమెకు కష్టమైంది. అక్కకు ఏదీ దాచే అలవాటు లేదు. ఆగస్టు మొదటి వారంలో రాసిన ఉత్తరం చివర "మిగతాది తర్వాత చెబుతాను" అని ఉంది. దాని కింద పేజీలో మూడో వంతు ఖాళీ. అందులోంచి వచ్చిన కథ ఇప్పుడు పదకొండో పేజీలో ఉంది.

ఆగస్టు 14న, వరలక్ష్మీవ్రతానికి రెండు రోజుల ముందు, కొట్టుకు వెళ్ళాను. గుమ్మంలో అయిదుగురు నిలబడి ఉన్నారు. ఆమె ఒకరి భుజం కొలుస్తూ ఇంకొకరికి రేపు రమ్మని చెబుతూ, మధ్యలో ఎడమ చేత్తో పుస్తకం తన వైపు లాక్కుని ఒక పంక్తి రాశారు. జనం తగ్గాక, ఎప్పటిలాగే చదవడానికి పుస్తకం అందుకోబోయాను. టేపు చుట్టి దాని మీద పెట్టారు.

"ఇది వద్దు మాస్టారూ. కథ అయ్యాక కథ చదవండి."

ఆ తర్వాత నేను ఆ పుస్తకం తెరవలేదు. మొత్తం 31 ఆదివారాల్లో ఉత్తరాలు 24, ఎడమ పేజీ పంక్తులు 263. ఈ లెక్క ఆగస్టు 25న ఆమే లెక్కపెట్టి ఫోనులో చెప్పినది.